విన్నవాడే తేల్చాలా? దేశదేశాల అడ్మినిస్ట్రేటివ్ లాని పోల్చి చదవడం ఎలా

ఎల్‌ఎల్‌ఎమ్‌లో చేరి సిలబస్‌లో కంపారటివ్ అడ్మినిస్ట్రేటివ్ లా (ప్రభుత్వ ఆఫీసుల అధికారాన్ని అదుపులో పెట్టే చట్టాన్ని దేశాల మధ్య పోల్చి చూడటం) పేపర్ కనబడగానే చాలామందికి టెన్షన్ మొదలవుతుంది. ఫ్రాన్స్, ఇంగ్లండ్, అమెరికా, జర్మనీ, పైన మన దేశం. ఒక్కోదానికి ఒక్కో లావుపాటి పుస్తకం. నేను చదువుకునే రోజుల్లో ఐదు గళ్ల టేబుల్ గీసుకుని, ఒక్కో గడిలో ఒక్కో దేశపు సూత్రాలు నింపుకుని, అదే పోలిక అనుకున్నాను. మా మాస్టారు ఆ కాగితం చూసి ఒకే ఒక్క ప్రశ్న అడిగారు: "పర్మిట్ పోయిన బస్సు ఓనరు విజయవాడలో కాకుండా ప్యారిస్‌లో ఉంటే ఎవరి గుమ్మం ఎక్కాలి? ఎన్ని రోజుల్లో ఎక్కాలి?" నా టేబుల్ అంతా వెతికినా దానికి జవాబు లేదు.

అప్పటినుంచి నేను పద్ధతి మార్చాను. ఒక మనిషి కష్టాన్ని పట్టుకుని, అతని చేతిలోని కాగితాన్ని దేశదేశాల ఆఫీసులకూ కోర్టులకూ మోసుకెళ్లి చూస్తాను. నా దగ్గరికి వచ్చే పిల్లలకూ ఇదే చెబుతున్నాను. ఆ వరుస ఇక్కడ రాస్తున్నాను.

మొదటి పని: దేశాన్ని పక్కన పెట్టి ప్రశ్నను ఎంచుకోండి

"ఫ్రాన్స్ అడ్మినిస్ట్రేటివ్ లా" అని మొదలుపెడితే ఏడాదైనా తెమలదు. "సహజ న్యాయ సూత్రాలు: ఐదు దేశాలు" అన్నా అంతే. ప్రశ్న ఎంత చిన్నదంటే, చట్టం తెలియని మీ ఇంట్లోవాళ్లకు చెప్పినా అర్థమవ్వాలి. ఉదాహరణకి ఇది: ప్రభుత్వం నా నోటి దగ్గర కూడు తీసేసేముందు నా మాట వినాలి, సరే. కానీ విన్న ఆఫీసరు ఒకరు, సంతకం పెట్టే పెద్దాయన ఇంకొకరు అయితే ఆ వినడానికి విలువ ఉందా?

ఈ ప్రశ్నను ఎంచుకోవడానికి కారణం ఉంది. ఇది మన కృష్ణా జిల్లాలోనే పుట్టింది.

రెండో పని: ముందు మన ఇంటి తీర్పు పూర్తిగా చదవండి

హెడ్‌నోట్ (తీర్పు పైన అచ్చేసే సారాంశం) చదివి వదిలేయకండి. గుళ్లపల్లి నాగేశ్వరరావు వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ కేసు తీసుకోండి. సుప్రీంకోర్టు తీర్పు 1958 నవంబరులో వచ్చింది, తీర్పులను అచ్చువేసే ఏఐఆర్ 1959 సంపుటిలో అచ్చయింది. మోటారు వాహనాల చట్టానికి 1956లో కొత్త అధ్యాయం చేర్చారు. ప్రభుత్వ రవాణా సంస్థ ఒక రూట్‌ను తన చేతిలోకి తీసుకోవాలంటే స్కీము ప్రకటించాలి, ప్రైవేటు బస్సుల వాళ్ల అభ్యంతరాలు ప్రభుత్వం వినాలి, ఆ తర్వాతే ఆమోదించాలి. కృష్ణా జిల్లా రూట్ల విషయంలో అభ్యంతరాలు విన్నది రవాణా శాఖను చూసే సెక్రటరీ. ఆయన రాసిన ఫైలు చూసి ఆమోదించింది ముఖ్యమంత్రి.

తీర్పు రాసింది కోకా సుబ్బారావు. ఒకరు విని ఇంకొకరు తేలిస్తే ఎదురుగా కూర్చోబెట్టి వినడం వట్టి తంతుగా మారుతుందన్నది ఆయన వాదన సారాంశం. దానికి తోడు, ఏ శాఖ స్కీము కావాలంటోందో ఆ శాఖ సెక్రటరీయే అభ్యంతరాలు వినడం పక్షపాతానికి తావిస్తుందన్నారు. స్కీము ఆమోదం కొట్టేశారు.

చాలామంది ఇక్కడే పుస్తకం మూసేస్తారు. మీరు మూయకండి. ప్రభుత్వం ఊరుకోలేదు. ఈసారి ముఖ్యమంత్రే స్వయంగా కూర్చుని అభ్యంతరాలు విన్నారు. బస్సుల వాళ్లు మళ్లీ సుప్రీంకోర్టుకెళ్లి, రవాణా శాఖ చూసేది ఆయనే కదా, ఇదీ పక్షపాతమే అన్నారు. 1959లో వచ్చిన రెండో తీర్పులో వాళ్లు ఓడిపోయారు. సెక్రటరీ శాఖలో భాగం, మంత్రి ఆ శాఖ పనికి బాధ్యుడు, ఇద్దరూ ఒకటి కాదంది కోర్టు. ఈ తేడా మీకు నచ్చిందా? నాకు ఇప్పటికీ పూర్తిగా నచ్చలేదు. అలా గుచ్చుకునే చోట మార్జిన్‌లో పెన్సిల్‌తో గీత పెట్టుకోండి. వేరే దేశాన్ని అడగాల్సిన ప్రశ్న అక్కడే దొరుకుతుంది.

తర్వాత ఆ సూత్రం ఇంకా బతికే ఉందో లేదో చూడండి. యాంటీ డంపింగ్ సుంకం (మరీ చౌకగా దిగుమతయ్యే సరుకు మీద వేసే పన్ను) విషయంలో ఒక అధికారి వాదనలు విని వెళ్లిపోయాడు. ఆయన స్థానంలో వచ్చిన మరో అధికారి మళ్లీ వినకుండానే తుది నిర్ణయం ఇచ్చాడు. టైర్ల తయారీదారుల సంఘం వేసిన ఆ కేసులో 2011లో సుప్రీంకోర్టు గుళ్లపల్లి దారిలోనే నడిచింది. యాభై ఏళ్ల తర్వాతా అదే మాట. ఇప్పుడు మన ఇంటి పేజీ పూర్తయింది.

మూడో పని: అదే ప్రశ్నతో బయటికి వెళ్లండి

ఇంగ్లండ్‌తో మొదలుపెట్టండి, భాష సమస్య ఉండదు. లండన్‌లోని హాంప్‌స్టెడ్‌లో ఒక ఇల్లు నివాసానికి పనికిరాదని స్థానిక కౌన్సిల్ మూసివేత ఆర్డరు ఇచ్చింది. ఓనరు లోకల్ గవర్నమెంట్ బోర్డుకు అప్పీల్ చేశాడు. ఒక ఇన్‌స్పెక్టరు వచ్చి విచారణ జరిపి రిపోర్టు ఇచ్చాడు. బోర్డు అప్పీల్ కొట్టేసింది. ఓనరుకు ఆ రిపోర్టు చూపించలేదు. బోర్డులో తేల్చింది ఫలానావాళ్లని కూడా చెప్పలేదు. 1915లో, అప్పట్లో అక్కడి పైకోర్టయిన హౌస్ ఆఫ్ లార్డ్స్ దీన్ని తప్పుపట్టలేదు. పార్లమెంటు ఆ పనిని ఒక శాఖకు అప్పగించింది, శాఖ తన పద్ధతిలో చేస్తుంది, ప్రతి కాగితాన్నీ ఒక్కరే చూడాలనడం కుదరదు అన్నారు. ఇది ఆర్లిడ్జ్ కేసు.

తర్వాత అమెరికా. కాన్సస్ సిటీ పశువుల సంతలో ఏజెంట్లు వసూలు చేసే రేట్లను వ్యవసాయ శాఖ సెక్రటరీ ఖరారు చేశాడు. సాక్ష్యం విన్నది ఒక ఎగ్జామినరు. సెక్రటరీ ఆ రికార్డే చూడలేదని ఏజెంట్ల ఫిర్యాదు. 1936లో అమెరికా సుప్రీంకోర్టు, తేల్చేవాడే వినాలి అంది. ఇది మోర్గన్ కేసు. వినడానికి మన గుళ్లపల్లి మాటే. కానీ నెమ్మదిగా చదవండి. సాక్ష్యం వేరేవాళ్లు తీసుకోవచ్చు, కిందివాళ్లు దాన్ని జల్లెడ పట్టవచ్చు, తేల్చేవాడు మాత్రం ఆ సాక్ష్యాన్ని, వాదనను స్వయంగా పరిశీలించి తీరాలి అన్నది దాని అసలు భావం. వినడమంటే చెవితో వినడమే కానక్కర్లేదు. ఆ కేసు నాలుగుసార్లు సుప్రీంకోర్టు మెట్లెక్కింది. చివరిసారి 1941లో, సెక్రటరీని బోనెక్కించి అప్పుడు నీ మనసులో ఏమనుకున్నావని అడగడం సరికాదని కోర్టే చెప్పింది. అంటే సూత్రం నిలిచింది, దాన్ని రుజువు చేసే దారి చాలావరకు మూసుకుపోయింది.

1946లో అమెరికా అడ్మినిస్ట్రేటివ్ ప్రొసీజర్ యాక్ట్ వచ్చింది. సాక్ష్యం విన్న అధికారే మొదటి నిర్ణయమో సిఫార్సు నిర్ణయమో రాయాలని అందులో పెట్టారు. సుప్రీంకోర్టు కుస్తీ పట్టిన ప్రశ్నకు చట్టసభ ఒక సెక్షన్‌తో దారి చూపింది. కేసులు మాత్రమే చదివి చట్టం చదవకపోతే ఈ మలుపు మీ కంట పడదు.

ఇప్పుడు ఫ్రాన్స్, జర్మనీ. నాకు ఎక్కువ నేర్పింది ఇక్కడే. గుళ్లపల్లి ప్రశ్నను పట్టుకుని వారం రోజులు ఈ రెండు దేశాల పుస్తకాలు వెతికాను. మన దగ్గర ఇంత పెద్దదైన ప్రశ్నకు అక్కడ ప్రత్యేకంగా చోటే కనబడలేదు. కారణం తెలిశాక తేలికపడ్డాను. మనకు 'వినడం' అనగానే ఎదురెదురుగా కూర్చునే విచారణ గుర్తొస్తుంది. అక్కడ మామూలుగా అది కాగితం మీద జరుగుతుంది.

ఫ్రాన్స్‌లో ప్యారిస్ సెయింట్ డెనిస్ బూల్వార్ మీద ఒక వితంతువుకు పేపర్లు అమ్ముకునే చిన్న బంకు ఉండేది. ఆమె తప్పు చేసిందని చెప్పి అనుమతి రద్దు చేశారు, ఆమె సంజాయిషీ అడగలేదు. 1944 మే 5న కాన్సే దెతా (ఫ్రాన్స్‌లో పైస్థాయి అడ్మినిస్ట్రేటివ్ కోర్టు) ఆ రద్దును కొట్టేసింది. ఇది త్రోంపియే గ్రావియే తీర్పు. ఒక శిక్షలాంటి చర్య తీసుకునేముందు ఆరోపణ ఏమిటో చెప్పి, జవాబిచ్చుకునే వీలు ఇవ్వాలి అన్నది అందులోని సారం. ఇప్పుడు ఇది ప్రజలకూ పరిపాలనకూ మధ్య సంబంధాల కోడ్‌లో ఉంది. ఆ కోడ్ 2016 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. రాతపూర్వక జవాబు ప్రధానం, అడిగితే నోటిమాటగా కూడా చెప్పుకోవచ్చు. జర్మనీలో 1977 నుంచి అమల్లో ఉన్న అడ్మినిస్ట్రేటివ్ ప్రొసీజర్ చట్టం 28వ సెక్షన్ కూడా ఇంతే: మీకు వ్యతిరేకంగా ఆర్డరు ఇచ్చేముందు మీ మాట చెప్పుకునే అవకాశం ఇవ్వాలి, దానికి ప్రత్యేక రూపమేమీ లేదు. వాదన ఫైలులో కాగితమై ఉంటే, ఆ ఫైలు చదివినవాడు విన్నట్టే.

కాబట్టి ఒక దేశంలో మీ ప్రశ్నకు జవాబు దొరకకపోతే ఆ దేశం వెనకబడిందని రాసేయకండి. ఆ ప్రశ్న అక్కడ ఎందుకు పుట్టలేదో రాయండి. పరీక్షలోనూ, థీసిస్‌లోనూ మీ మార్కులు అక్కడే ఉన్నాయి.

నాలుగో పని: "సరే, వినలేదు. అయితే ఏమవుతుంది?" అని అడగండి

సూత్రం ఒకటే అయినా ఫలితం వేరుగా ఉండవచ్చు. జర్మనీలో ముందు వినకపోయినా, 45వ సెక్షన్ ప్రకారం తర్వాత విని ఆ లోపాన్ని సరిచేసుకోవచ్చు, కోర్టులో కేసు నడుస్తున్నా సరే. 46వ సెక్షన్ ఇంకో అడుగు ముందుకేసింది. ఆ లోపం నిర్ణయాన్ని ఏమాత్రం మార్చలేదని స్పష్టంగా తెలిస్తే, దాన్ని మాత్రమే చూపించి ఆర్డరు రద్దు చేయమనలేరు. మన విద్యార్థికి ఇది మొదట మింగుడుపడదు.

కానీ మిగతా దేశాల్లో ఏం జరిగిందో వరసగా చూడండి. మన సుప్రీంకోర్టు 1996లో స్టేట్ బ్యాంక్ ఆఫ్ పటియాలా కేసులో, ప్రొసీజర్‌లో లోపం వల్ల ఉద్యోగికి నిజంగా నష్టం జరిగిందా అని చూడాలంది. 2011 డిసెంబరులో కాన్సే దెతా దాంతోనీ తీర్పులో, ఆ లోపం నిర్ణయం మీద ప్రభావం చూపి ఉండాలి, లేదా పౌరుడికి ఒక రక్షణ లేకుండా చేసి ఉండాలి, అప్పుడే ఆర్డరు చెల్లదు అంది. ఇంగ్లండ్ 2015లో చట్టం మార్చి, లోపం లేకపోయినా దాదాపు ఇదే ఫలితం వచ్చేదనిపిస్తే సాధారణంగా కోర్టు ఉపశమనం ఇవ్వకూడదంది. నాలుగు దేశాలు నాలుగు దారుల్లో ఒకే వీధిలోకి వచ్చాయి. ఈ ధోరణి నాకు భయం కలిగిస్తుంది, దాచుకోను. "ఎలాగూ నీకు వ్యతిరేకంగానే వచ్చేది" అని చెప్పగలిగేది నిర్ణయం తీసుకున్నవాడే, మాట వినిపించుకోని మనిషికి దాన్ని కాదని నిరూపించడం చాలా కష్టం. మీ అభిప్రాయం వేరుగా ఉండవచ్చు. ఏదో ఒకటి ఉండాలి, దాన్ని రాయాలి.

ఐదో పని: ఆర్డరు కాగితం అడుగున ఏముందో చూడండి

సూత్రాల మోజులో పడి అందరూ వదిలేసే భాగం ఇది. జర్మనీలో ఒక ఆఫీసు మీకు వ్యతిరేకంగా ఆర్డరు పంపితే దాని చివరన ఒక చిన్న పేరా ఉంటుంది: దీని మీద అభ్యంతరం ఉంటే ఎక్కడ, ఎన్ని రోజుల్లో చెప్పుకోవాలి అని. మామూలు గడువు ఒక నెల. ఆ పేరా రాయకపోతే, లేదా తప్పుగా రాస్తే, ఆ నెల కాస్తా ఏడాది అవుతుంది. ఆఫీసు తప్పుకు ఆఫీసే మూల్యం చెల్లించే ఏర్పాటు అది. మన దగ్గర రద్దు ఆర్డర్లు ఎన్నో చూశాను, అప్పీల్ ఎక్కడ చేసుకోవాలో ఒక్క ముక్క లేకుండా వచ్చినవి. ఒకాయన అలాంటి కాగితం పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి, నా దగ్గరికి వచ్చేసరికి అప్పీల్ గడువు దాటిపోయింది. ఆయన మొహం గుర్తున్నంతకాలం నేను ఈ గడువుల కాలమ్‌ను ఖాళీగా వదలను.

ఫ్రాన్స్‌లో సాధారణ గడువు రెండు నెలలు. ఇంగ్లండ్‌లో జ్యుడీషియల్ రివ్యూకి (ప్రభుత్వ నిర్ణయం చట్టప్రకారం ఉందో లేదో కోర్టు చూడటానికి) వెంటనే వెళ్లాలి, ఎట్టి పరిస్థితుల్లోనూ మూడు నెలలు దాటకూడదు. హైకోర్టులో రిట్ వేసుకునే వీలిచ్చే మన రాజ్యాంగం 226వ అధికరణంలో గడువే లేదు, కానీ ఆలస్యం చేస్తే ఎందుకు చేశావని హైకోర్టు అడుగుతుంది.

గడువు పక్కనే ఇంకో కాలమ్: కోర్టుకెళ్లగానే ఆర్డరు ఆగుతుందా? మన దగ్గర స్టే అడిగి తెచ్చుకోవాలి. జర్మనీలో, మినహాయింపులు ఉన్నా, మామూలు నియమం ప్రకారం అభ్యంతరం వేయగానే ఆర్డరు అమలు ఆగిపోతుంది. ఫ్రాన్స్‌లో ఆగదు. అందుకే 2000లో చట్టం చేసి అత్యవసర జడ్జి దగ్గరికి వెళ్లే దారులు పెట్టారు. ప్రాథమిక స్వేచ్ఛకు తీవ్రమైన దెబ్బ తగిలినప్పుడు ఆ జడ్జి 48 గంటల్లో తేల్చాలి. దుకాణం మూతపడిన మనిషికి వెడ్నెస్‌బరీ సూత్రం (మరీ అసమంజసమైన నిర్ణయాన్ని కోర్టు కొట్టేయవచ్చన్న ఇంగ్లండ్ సూత్రం) కంటే ఈ కాలమ్ ముఖ్యం.

ఆరో పని: ఎవరి గుమ్మం? కోర్టుల మ్యాప్ గీయండి

ఫ్రాన్స్‌లో 1790 చట్టం మామూలు జడ్జీలను పరిపాలనలో తలదూర్చవద్దని నిషేధించింది. విప్లవానికి ముందు అక్కడి కోర్టులు రాజు తెచ్చిన సంస్కరణలకు అడ్డుపడిన చేదు అనుభవం దాని వెనక ఉంది. 1799లో నెపోలియన్ కాలంలో కాన్సే దెతా ఏర్పడింది, ప్రభుత్వానికి సలహాలివ్వడానికి. సొంతంగా తీర్పు చెప్పే అధికారం దానికి 1872లో స్థిరపడింది. ఇప్పటికీ అది రెండు పనులూ చేస్తుంది: బిల్లుల మీద సలహా, పైస్థాయి అడ్మినిస్ట్రేటివ్ కోర్టుగా తీర్పు. సలహాదారే జడ్జి ఎలా అవుతాడని 1885లో ఇంగ్లండ్ న్యాయపండితుడు డైసీ అనుమానించాడు, ఇంగ్లండ్‌కు ఇలాంటిది లేదని గర్వంగా రాశాడు. అదే డైసీ 1915లో, మనం చూసిన ఆర్లిడ్జ్ తీర్పు తర్వాత, ఇంగ్లండ్‌లో అడ్మినిస్ట్రేటివ్ లా ఎదుగుదల గురించి వ్యాసం రాశాడు. మన సిలబస్ మొదటి డైసీ దగ్గరే ఆగిపోతుంది. మీరు రెండో డైసీని కూడా కలవండి.

మ్యాప్ గీసేటప్పుడు మాటలతో జాగ్రత్త. 'ట్రిబ్యునల్' అన్న మాట ప్రతి దేశంలోనూ ఉంది, ఎక్కడా ఒకే అర్థం లేదు. ఫ్రాన్స్‌లో అది కోర్టే. ఇంగ్లండ్‌లో 2007 చట్టం తర్వాత రెండంచెల న్యాయవ్యవస్థ. అమెరికాలో ఆ పని చేసే అడ్మినిస్ట్రేటివ్ లా జడ్జి ఏజెన్సీ (ప్రభుత్వ సంస్థ) లోపలే కూర్చుంటాడు. మన దగ్గర 1976 నాటి 42వ సవరణ తెచ్చిన 323ఎ అధికరణం నుంచి ప్రభుత్వ ఉద్యోగుల తగువులు వినే సర్వీస్ ట్రిబ్యునళ్లు వచ్చాయి, హైకోర్టు తలుపు మూసేస్తూ వచ్చాయి. ఆ తలుపు మూయడం చెల్లదని 1993లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఫుల్ బెంచ్ సాకినాల హరినాథ్ కేసులో చెప్పింది. 1997లో చంద్రకుమార్ కేసులో ఏడుగురు జడ్జీల సుప్రీంకోర్టు బెంచ్ హైకోర్టు అధికారాన్ని తిరిగి నిలబెట్టింది. చంద్రకుమార్ గురించి ప్రతివాళ్లూ రాస్తారు. మన హైకోర్టు నాలుగేళ్ల ముందే అన్న మాటను మన పిల్లలే రాయరు. మీరు రాయండి.

ఏడో పని: ఒక్కో దేశపు తీర్పును దాని పద్ధతిలోనే చదవండి

మన సుప్రీంకోర్టు తీర్పులా వంద పేజీలు వస్తాయని కాన్సే దెతా తీర్పు తెరిస్తే ఆశ్చర్యపోతారు. పాతవి రెండు మూడు పేజీలు, మొత్తం ఒకే వాక్యం. ప్రతి పేరా 'పరిగణించగా' అన్నట్టు మొదలవుతుంది. 2019 నుంచి ఈ పద్ధతి వదిలి మామూలు వాక్యాల్లో రాస్తున్నారు. కారణాలు క్లుప్తంగా ఉంటాయి కాబట్టి, తీర్పుతో పాటు పబ్లిక్ రపోర్తర్ అభిప్రాయం దొరికితే తప్పకుండా చదవాలి. ఆయన ప్రభుత్వ లాయరు కాదు. కేసు ఎలా తేలాలో కోర్టుకు స్వతంత్రంగా చెప్పే సభ్యుడు. 2009 వరకు ఆయన్ని ప్రభుత్వ కమిషనర్ అని పిలిచేవారు, ఆ పేరు చూసి ఎంతోమంది పొరబడ్డారు.

జర్మన్ తీర్పులో ముందు సూత్రవాక్యాలు, తర్వాత వాస్తవాలు, ఆపైన కారణాలు వస్తాయి. పాత ఇంగ్లీష్ తీర్పులో ఒక్కో లార్డు ఒక్కో రకంగా చెబుతాడు, ఎవరెవరు ఎవరితో ఏకీభవించారో మీరే లెక్కేసుకోవాలి. అమెరికాలో డిసెంట్ (మెజారిటీతో విభేదించిన జడ్జి రాసే తీర్పు) వదలకండి.

భాష రాదని ఆగిపోనక్కర్లేదు. కాన్సే దెతా సైట్‌లో కొన్ని ముఖ్య తీర్పులు ఇంగ్లీష్‌లో ఉన్నాయి. జర్మన్ ప్రభుత్వ చట్టాల సైట్‌లో అడ్మినిస్ట్రేటివ్ కోర్టుల ప్రొసీజర్ కోడ్‌కు ఇంగ్లీష్ అనువాదం ఉచితంగా దొరుకుతుంది. ఫ్రెంచ్ మూలం కోసం లెజిఫ్రాన్స్, ఇంగ్లండ్ కోసం బెయిలీ, మన చట్టాలకు ఇండియా కోడ్. అనువాదంలో చదివితే నోట్స్‌లో 'అనువాదం' అని రాసుకోండి. ముఖ్యమైన ఒక్క పదాన్నైనా మూలభాషలో తెలుగు లిపిలో రాసిపెట్టుకోండి. జర్మన్‌లో ఫెర్వాల్టుంగ్స్‌ఆక్ట్ అన్నదాన్ని 'ఆర్డరు' అని తెలుగు చేసుకుంటే సగమే పట్టుబడుతుంది. ఒక అధికారి, ఒక నిర్దిష్ట విషయంలో, బయటి మనిషి హక్కును నేరుగా తాకేలా తీసుకున్న చర్య అది. చట్టం 35వ సెక్షన్‌లోనే దాని నిర్వచనం ఉంది, అక్కడి గడువులు, అభ్యంతరాలు చాలావరకు దాని చుట్టూనే తిరుగుతాయి.

ఎనిమిదో పని: ఆ తీర్పు ఇవాళ బతికే ఉందా?

దీనికి బండి కేసు కంటే మంచి పాఠం లేదు. బోర్దోలో ప్రభుత్వ పొగాకు ఫ్యాక్టరీ కూలీలు తోస్తున్న బండి ఐదేళ్ల పాప ఆగ్నెస్ బ్లాంకోను ఢీకొట్టింది. తండ్రి పరిహారం కోసం కోర్టుకెళ్లాడు. ఏ కోర్టు వినాలన్న తగువు ప్రత్యేక ట్రిబ్యునల్‌కు వెళ్లింది. సభ్యులు సగం సగం చీలిపోతే న్యాయమంత్రి ఓటుతో తేలింది. 1873 ఫిబ్రవరి 8 నాటి ఆ తీర్పు ప్రభుత్వ బాధ్యతకు సివిల్ కోడ్ నియమాలు కాక సొంత నియమాలు ఉంటాయనీ, అడ్మినిస్ట్రేటివ్ జడ్జే వినాలనీ చెప్పింది. ప్రతి పుస్తకంలో మొదటి పేజీ ఇదే. కానీ 1957 డిసెంబరు 31 చట్టంతో వాహన ప్రమాదాలన్నీ, ప్రభుత్వ బండి అయినా సరే, మామూలు కోర్టులకు వెళ్లిపోయాయి. ఇవాళ అలాంటి వాహన ప్రమాదం జరిగితే కేసు వెళ్లేది సివిల్ కోర్టుకే. సూత్రం బతికుంది, ఆ సూత్రం పుట్టిన కేసు మాత్రం దాని కిందికి రాదు.

అదే ప్రశ్నను మన దగ్గరికి తెచ్చి మీ రెండో పేజీ మీరే రాయండి. 1962లో విద్యావతి కేసు: రిపేరు నుంచి తిరిగొస్తున్న కలెక్టర్ జీపు గుద్ది మనిషి చనిపోతే రాజస్థాన్ ప్రభుత్వం పరిహారం కట్టాలన్నారు. 1964లో కస్తూరిలాల్ (ఏఐఆర్ 1965లో అచ్చయింది): పోలీసులు పట్టుకున్న బంగారాన్ని హెడ్ కానిస్టేబులే ఎత్తుకుపోతే, అది సార్వభౌమ అధికారంతో చేసిన పని, పరిహారం లేదన్నారు. 1994లో నాగేంద్రరావు వర్సెస్ ఆంధ్రప్రదేశ్: ఒక వ్యాపారి దగ్గర 1975లో ఎరువులు, ధాన్యం సీజ్ చేశారు, చాలావరకు తిరిగివ్వమన్నప్పటికి ఎరువులు పాడైపోయాయి. ప్రభుత్వం కస్తూరిలాల్ గొడుగు కిందికి దూరబోతే సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ప్రభుత్వం మీద పరిహారం దావా వేసే వీలిచ్చిన చట్టాల కోసం ఇంగ్లండ్‌కు 1947 చట్టం, అమెరికాకు 1946 చట్టం చూడండి. జర్మనీలో మాత్రం ఒక మెలిక ఉంది. అన్నిటికీ అడ్మినిస్ట్రేటివ్ కోర్టు ఉన్న ఆ దేశంలో అధికారి తప్పుకు పరిహారం అడగాలంటే సివిల్ కోర్టుకే వెళ్లాలి, రాజ్యాంగం 34వ అధికరణం అలా చెప్పింది.

అమెరికా విషయంలో తేదీ చూడకుండా ఏదీ రాయకండి. చట్టం అస్పష్టంగా ఉంటే ఏజెన్సీ చెప్పిన సహేతుకమైన అర్థాన్ని కోర్టులు అంగీకరించాలన్న 1984 నాటి షెవ్రాన్ సూత్రం నలభై ఏళ్లు ఏలింది. 2024 జూన్ 28న, హెర్రింగ్ చేపల పడవల వాళ్లు వేసిన కేసులో సుప్రీంకోర్టు దాన్ని తీసేసింది. మార్కెట్లో దొరికే పాత గైడ్లలో ఇంకా షెవ్రానే ఉంది.

నోట్స్ ఎలా రాయాలి

ఒక ప్రశ్నకు ఒక పొడవాటి కాగితం. అడ్డంగా దేశాలు, మూడు చాలు: మన దేశం, ఫ్రాన్స్, ఇంకొకటి. నిలువుగా ఎవరు తేల్చారు, మాట ఎలా విన్నారు, ఎక్కడికి వెళ్లాలి, గడువు, ఆర్డరు ఆగుతుందా, గెలిస్తే ఏమొస్తుంది. అట్టడుగున ఒక పెద్ద గడి ఖాళీగా ఉంచి 'ఎందుకు' అని రాయండి. అది చివర నింపాలి, చరిత్ర చదివాక. నెలకు రెండు కాగితాలు నింపగలిగితే ఒక సెమిస్టర్‌కు సరిపోతుంది.

మొదటి కాగితానికి ముడిసరుకు ఎక్కడో వెతకనక్కర్లేదు. ఇంట్లో బీరువా తీయండి. కరెంటు కనెక్షన్, ఇంటి పన్ను, పెన్షన్, నాన్నగారి సర్వీసు, దేనిదో ఒకదాని మీద ప్రభుత్వం నుంచి వచ్చిన నోటీసో ఆర్డరో ఒకటి దొరుకుతుంది. దాన్ని టేబుల్ మీద పెట్టి, ఎవరు సంతకం చేశారు, అంతకుముందు ఎవరైనా మీ ఇంట్లోవాళ్ల మాట విన్నారా, అడుగున అప్పీల్ సంగతి రాసి ఉందా అని చూసి, మన దేశం కాలమ్ నింపడం మొదలుపెట్టండి.